మోచేతి దగ్గర నరం నొక్కుకుపోతే: ఆపరేషన్‌కి ముందూ తర్వాతా చూసుకోవాల్సినవి

చిటికెన వేలూ, దాని పక్క ఉంగరపు వేలులో సగమూ తిమ్మిరెక్కుతున్నాయంటే మన డెల్టా ఊళ్ళలో మొదట పడేది బి12 ఇంజెక్షన్ల కోర్సు. అదయ్యాక మెడ ఎక్స్‌రే. ఈ రెండూ తేలేసరికి నెలలు గడిచిపోతాయి. మోచేతి లోపలి ఎముక వెనకాల నలుగుతున్న నరం మాత్రం నలుగుతూనే ఉంటుంది. ఈ నరానికి చేసే ఆపరేషన్ చిన్నదే, పాతదే. అయినా ఒకరికి నెల తిరక్కుండానే హాయిగా ఉంటుంది, ఇంకొకరికి ఏడాది దాటినా చేతిలో పట్టు రాదు. ఈ తేడాకి కారణం చాలావరకు ఆపరేషన్ పద్ధతి కాదు, చెయ్యి ఏ దశలో ఉండగా ఆపరేషన్ బల్ల ఎక్కారన్నది. అందుకే ఇక్కడ కోత గురించి కన్నా దశ తేల్చుకోవడం గురించే ముందు చెప్పాల్సి వస్తోంది.

నరం నలిగే చోటు

మెడ కింది భాగంలో సి8, టి1 అనే నరాల వేర్ల నుంచి బయల్దేరిన అల్నార్ నరం చేతి లోపలి వైపుగా దిగుతుంది. మోచేతి దగ్గర లోపలి బొడిపె ఎముక వెనకాల ఉన్న గాడిలోంచి ముంజేతిలోకి పోతుంది. మోచెయ్యి గడపకో బల్లకో తగిలినప్పుడు చిటికెన వేలిదాకా జివ్వుమని కరెంటు కొట్టినట్టు పాకేది ఈ నరం వెంటే. ఆ గాడి మీద ఆస్‌బోర్న్ లిగమెంట్ అనే గట్టి పట్టీ కప్పులా పరుచుకుని ఉంటుంది. చెయ్యి మడిస్తే పట్టీ బిగుస్తుంది, గాడి ఇరుకవుతుంది, నరం సాగుతుంది. ఇవన్నీ ఒకేసారి జరుగుతాయి. చెయ్యి మడిచి తలకింద పెట్టుకుని పడుకునేవాళ్ళకి తెల్లవారుజామున వేళ్ళు మొద్దుబారేది అందుకే.

గాడిలోనే కాదు, దానికి పైన ఓ 8 సెంటీమీటర్ల దూరంలో ఉన్న కండర పొర దగ్గరా, కింద ముంజేతి కండరం రెండు తలల మధ్య నుంచి దూరేటప్పుడూ నరం ఇరుక్కోవచ్చు. ఆపరేషన్ చేసే డాక్టరు ఈ చోట్లన్నీ వేలు పెట్టి చూసుకోవాలి. ఒకటి వదిలేస్తే బాధ అలాగే ఉండిపోతుంది.

నరసాపురం, పాలకొల్లు వైపు గంటల తరబడి మోచేతులు మడిచి లేసు అల్లేవాళ్ళు, కుట్టుమిషను ముందు కూర్చునేవాళ్ళు, షాపు కౌంటరు అంచుకి మోచెయ్యి ఆనించి లెక్కలు రాసేవాళ్ళు, ఫోను చెవికి పెట్టుకుని గంటలు గడిపేవాళ్ళు ఈ బాధకి దగ్గర్లో ఉన్నట్టే. ఇంకో గుంపు ఉంది, వాళ్ళని తరచూ మర్చిపోతారు. చిన్నప్పుడు చెట్టు మీద నుంచో గట్టు మీద నుంచో పడి మోచెయ్యి విరిగి, నాటు కట్టుతో సరిపెట్టుకున్నవాళ్ళు. విరిగిన ముక్క సరిగ్గా అతుక్కోకపోతే ఎదిగే కొద్దీ మోచెయ్యి బయటికి వంకరపోతుంది. లోపలి వైపు నరం ఏళ్ళ తరబడి సాగుతూ, ఇరవై ముప్పై ఏళ్ళ తర్వాత చెయ్యి సన్నబడటం మొదలవుతుంది. ఆ పాత దెబ్బ సంగతి డాక్టరుకి తప్పకుండా చెప్పాలి. ఏ ఆపరేషన్ చెయ్యాలన్నది దాన్ని బట్టి మారుతుంది.

ఇంట్లో పది నిమిషాల పరీక్ష

రెండు చేతులూ పక్కపక్కన పెట్టి చూసుకోండి. బాగున్న చెయ్యే మీ కొలబద్ద.

మొదట స్పర్శ. కళ్ళు మూసుకుని, ఇంకొకరి చేత దూదితో చిటికెన వేలి కొనా, చూపుడు వేలి కొనా మార్చి మార్చి తాకించుకోండి. తర్వాత అరచేతి వెనక్కి తిప్పి, చిటికెన వేలి వైపు చేతి వీపు మీద తాకించుకోండి. ఇది చాలా పనికొచ్చే గుర్తు. చేతి వీపుకి వెళ్ళే కొమ్మ మణికట్టుకి పైనే విడిపోతుంది కాబట్టి, అక్కడ కూడా మొద్దుగా ఉంటే నొక్కుడు మణికట్టు దగ్గర కాదు, దానికి పైన. ముంజేయి లోపలి వైపు కూడా మోచేతిదాకా మొద్దుబారి ఉంటే అల్నార్ నరాన్ని మించిన సంగతేదో ఉంది. ఆ చర్మానికి స్పర్శ తెచ్చే నరం వేరు. మెడ వేర్లనీ, భుజం దగ్గరి నరాల గుత్తినీ చూడాలి.

తర్వాత మడత పరీక్ష. మోచేతులు రెండూ పూర్తిగా మడిచి, మణికట్లు తిన్నగా ఉంచి ఒక నిమిషం ఆగండి. ఆ లోపే చిటికెన వేలిలో తిమ్మిరి పాకితే మోచేతి వైపే అనుమానం బలపడుతుంది. ఇలా మడిస్తే బాగున్నవాళ్ళలో కూడా కొందరికి తిమ్మిరి రావచ్చు కాబట్టి ఇదొక్కటే పట్టుకుని తేల్చెయ్యకండి.

ఇక బలం. బొటనవేలికీ చూపుడు వేలి పక్కకీ మధ్య ఓ కాగితం గట్టిగా పట్టుకోండి, ఎదుటివాళ్ళు లాగాలి. బొటనవేలు తిన్నగా ఉండి పట్టగలిగితే సరే. కొస కణుపు మడుచుకుపోతుంటే కండరం బలహీనపడింది. చూపుడు వేలి మీదికి నడిమి వేలు మెలిపెట్టగలరేమో చూడండి. చెయ్యి జేబులో పెడుతుంటే చిటికెన వేలు పక్కకి నిలబడి జేబు అంచుకి తగులుకుంటోందా? చివరగా, బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య చేతి వీపు మీద ఉండే కండ పల్లం పడిందా? పల్లం పడితే ఆ రోజే ఫోటో తీసి దాచండి. ఆపరేషన్ తర్వాత ఎంత తేడా వచ్చిందో చెప్పేది ఆ ఫోటోయే. మనసుకి తోచిన అంచనాని నమ్మడానికి లేదు.

ఇప్పుడు దశ. 1950లో మెక్‌గోవన్ అనే డాక్టరు చేసిన విభజనే ఈనాటికీ వాడుకలో ఉంది. మొదటి దశలో తిమ్మిరి, మంట మాత్రమే ఉంటాయి, బలం తగ్గదు. రెండో దశలో బలహీనత మొదలవుతుంది, కండ కొంచెం తగ్గినా తగ్గవచ్చు. మూడో దశలో కండ కరిగి, చిటికెన, ఉంగరపు వేళ్ళు కొంకర్లు పోయినట్టు వంగుతాయి, తిమ్మిరి వస్తూ పోతూ ఉండటం మానేసి ఇరవైనాలుగు గంటలూ మొద్దుగానే ఉంటుంది. తిమ్మిరి రావడం పోవడం ఆగి "ఇప్పుడు నొప్పి లేదండీ, అలవాటైపోయింది" అనే మాట వింటే అది మంచి కబురు కాదు. స్పర్శ పూర్తిగా పోతోందని దానర్థం.

వేరే జబ్బు కాదని రూఢి చేసుకోవడం

మన ప్రాంతంలో ముందు తోసిపుచ్చాల్సింది కుష్ఠు. ఆ జబ్బు ఎక్కువగా పట్టే నరాల్లో అల్నార్ నరం ఒకటి. అదీ మోచేతికి కాస్త పైనే నరం తాడులా ఉబ్బుతుంది. ఒంటి మీద ఎక్కడైనా స్పర్శ లేని పాలిపోయిన మచ్చ ఉందా, వీపు మీద కూడా ఎవరితోనైనా చూపించుకోండి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో పరీక్షా, మందులూ ఉచితం. రకాన్ని బట్టి 6 లేదా 12 నెలలు వాడాలి. నరం వాచినప్పుడు డాక్టరు పర్యవేక్షణలో స్టెరాయిడ్ కోర్సు కూడా నడుస్తుంది. కుష్ఠు వల్ల వాచిన నరాన్ని మామూలు నొక్కుడు అనుకుని కోసి వదిలేస్తే మూల జబ్బు అలాగే ముదురుతుంది. మచ్చ ఉందని సిగ్గుపడి దాచుకోవడం కన్నా చెయ్యికి పెద్ద నష్టం ఇంకొకటి లేదు.

షుగరు ఉన్నవాళ్ళకి రెండు పాదాలు కూడా తిమ్మిరిగా ఉండొచ్చు. వాళ్ళలో రెండు బాధలూ కలిసి ఉండొచ్చు. థైరాయిడ్, బి12 ఒకసారి పరీక్ష చేయించి పక్కన పెట్టండి. చుట్టా బీడీ ఎక్కువగా కాల్చేవాళ్ళకి భుజం నొప్పితో పాటు చేతి లోపలి వైపు తిమ్మిరి ఉంటే ఛాతీ ఎక్స్‌రే తప్పనిసరి. ఊపిరితిత్తి పై కొసన వచ్చే కంతి ఇలాగే మొదలవుతుంది. తిమ్మిరే లేకుండా కండ ఒక్కటే కరుగుతూ, చర్మం కింద కండరాలు అదురుతుంటే న్యూరాలజిస్టు చూడకుండా ఎవరి చేతా కోయించుకోకండి.

నరాల పరీక్ష, స్కానింగ్

నెర్వ్ కండక్షన్ పరీక్షలో నరంలో కరెంటు ఎంత వేగంగా పోతోందో కొలుస్తారు. మోచేతి దగ్గర సెకనుకి 50 మీటర్ల కన్నా తగ్గినా, ముంజేతిలో వేగంతో పోలిస్తే మోచేతి దగ్గర 10 మీటర్ల కన్నా ఎక్కువ పడిపోయినా నొక్కుడు ఉన్నట్టు లెక్క. పరీక్షప్పుడు మోచెయ్యి మడిచి, దాదాపు సమకోణంలో ఉంచాలి. చెయ్యి చాచి తీస్తే వేగం ఉన్నదాని కన్నా తక్కువగా కనిపిస్తుంది. ఏసీ గదిలో చెయ్యి చల్లబడినా అంతే, వేగం తగ్గి లేని జబ్బు కనిపిస్తుంది. రిపోర్టులో చెయ్యి ఉష్ణోగ్రత రాసి లేకపోతే అడగడంలో తప్పులేదు.

వేగం కన్నా ఫలితానికి దగ్గరి సంకేతం ఇంకొకటి ఉంది. చేతి కండరం నుంచి వచ్చే సంకేతం ఎత్తు బాగా తగ్గిందా, సూది పెట్టి చేసే ఈఎంజీలో కండరానికి నరం తెగిపోయిన గుర్తులు కనిపించాయా అన్నది. వేగం మాత్రమే తగ్గితే నరం పైపొర దెబ్బతిన్నట్టు, అది కొన్ని వారాల నుంచి నెలల్లో బాగవుతుంది. లోపలి తీగెలే చచ్చిపోతే అవి మళ్ళీ మొలిచి పెరగాలి. డాక్టరుని "వేగం తగ్గిందా, తీగెలు పోయాయా" అని అడగండి. మిగతా రిపోర్టు అంతటికన్నా ఈ జవాబే మీకు ఎక్కువ చెబుతుంది.

అల్ట్రాసౌండ్‌లో నరం అడ్డుకోత వైశాల్యం 10 చదరపు మిల్లీమీటర్లు దాటితే వాపు అనుకుంటారు. కంతి, నీటి తిత్తి, మోచెయ్యి మడిచినప్పుడు నరం గాడిలోంచి జారడం లాంటివి దాంట్లో కనిపిస్తాయి. ఎప్పుడో మోచెయ్యి విరిగినవాళ్ళకి మోచేతి ఎక్స్‌రే కూడా తీయాలి.

ఆపరేషన్ లేకుండా ఎంతకాలం చూడొచ్చు

మొదటి దశలో 3 నుంచి 6 నెలలు చూడొచ్చు. చెయ్యాల్సింది మందు కాదు, అలవాటు మార్చుకోవడం. రాత్రి పడుకునే ముందు పాత తువ్వాలు మోచేతికి చుట్టి వదులుగా కట్టండి, చెయ్యి 30 నుంచి 45 డిగ్రీల కన్నా ఎక్కువ మడవకుండా ఉంటే చాలు. నిటారుగా బిగించి కట్టనక్కర్లేదు, అలా కడితే రెండో రాత్రికే విప్పి పారేస్తారు. ఫోనుకి ఇయర్‌ఫోను వాడండి. బల్ల అంచుకీ, బైకు మీద వెనక కూర్చున్నవాళ్ళైతే పక్క కమ్మీకీ మోచెయ్యి ఆనించకండి. లేసు అల్లేవాళ్ళు అరగంటకోసారి సూది కింద పెట్టి చేతులు చాచాలి. దిండు ఒళ్ళో పెట్టుకుని దాని మీద ముంజేతులు ఆనిస్తే మోచేతి మడత తగ్గుతుంది.

తేలికపాటి బాధ ఉన్నవాళ్ళని మూడు గుంపులుగా చేసి స్వీడన్‌లో చూశారు. ఒకరికి రాత్రి పట్టీ, ఒకరికి నరాన్ని కదిలించే వ్యాయామాలు, మూడోవాళ్ళకి ఏ కదలికలు మానాలో చెప్పడం ఒక్కటే. మూడు గుంపుల్లోనూ ఎక్కువమంది మెరుగుపడ్డారు, గుంపుల మధ్య చెప్పుకోదగ్గ తేడా లేదు. అంటే పట్టీ కొనడం కన్నా చెయ్యి మడవడం మానడం ముఖ్యం. మోచేతి గాడిలో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వల్ల పెద్ద ఉపయోగం ఉన్నట్టు తేలలేదు.

రెండో దశ దాటితే మాత్రం కాలక్షేపం వద్దు. కండ కరగడం కనిపిస్తే "ఈ దాళ్వా కోతలు అయ్యాక చూద్దాం" అన్న మాట నష్టం తెస్తుంది. తిమ్మిరి మాత్రమే ఉన్నవాళ్ళు కావాలంటే కాలవలు కట్టేసే వేసవి నెలలకి పెట్టుకోవచ్చు, పొలం పని తక్కువ, చెయ్యికి విశ్రాంతి దొరుకుతుంది.

ఏ ఆపరేషన్

మొత్తం మీద రెండు దారులు. ఒకటి, నరాన్ని ఉన్నచోటే ఉంచి పైన బిగిసిన పట్టీలు కోసి వదులు చెయ్యడం. రెండోది, నరాన్ని ఆ గాడిలోంచి లేపి ఎముక ముందుకి మార్చడం. ముందుకి మార్చిన నరాన్ని చర్మం కింద కొవ్వులో ఉంచొచ్చు, కండరం కింద పాతొచ్చు. లోపలి బొడిపె ఎముకలో కొంత చెక్కేసే పద్ధతీ ఉంది. ఎండోస్కోపుతో చిన్న కోత ద్వారా మొదటి దారిలో చేసేవాళ్ళూ ఉన్నారు, దానికి అలవాటున్న చెయ్యి కావాలి.

ఏది మంచిది? నెదర్లాండ్స్‌లో 152 మందిని రెండు గుంపులుగా చేసి పోల్చిన ఫలితాలు 2005లో వచ్చాయి. ఉన్నచోటే వదులు చేసిన 75 మందిలో 49 మందికి, ముందుకి మార్చిన 77 మందిలో 54 మందికి ఫలితం బాగుంది లేదా చాలా బాగుంది. దాదాపు సమానం. ఇబ్బందులు మాత్రం మొదటి గుంపులో 9.6 శాతం, రెండో గుంపులో 31.1 శాతం. "అది తేలిక కేసులకే" అనుకోవచ్చు. అదే ఏడాది ఇటలీ నుంచి వచ్చిన అధ్యయనం బాగా ముదిరిన 70 మందిని తీసుకుంది. వదులు చేసిన 35 మందిలో 28 మందికి, కండరం కింద పాతిన 35 మందిలో 29 మందికి ఫలితం బాగుంది. ఇలాంటి అధ్యయనాలన్నీ కలిపి 2016లో కోక్రేన్ సమీక్ష తేల్చిందీ అదే. రెండు పద్ధతుల ఫలితం ఒకటే, ముందుకి మార్చినప్పుడు పుండు చీముపట్టడం ఎక్కువ.

అందుకని మొదటిసారి చేయించుకునేవాళ్ళకి, మోచెయ్యి ఆకారం మామూలుగా ఉంటే, ఉన్నచోటే వదులు చెయ్యడమే మా మొగ్గు. మోచెయ్యి మడిచినప్పుడు నరం ఎముక మీదికి జారుతుంటే, ఎప్పుడో ఎముక విరిగి చెయ్యి వంకర ఉంటే, గాడిలో ఎముక పెరిగి ఉంటే, ఒకసారి చేసినది విఫలమైతే ముందుకి మార్చడమే సరైన దారి. "ఏది చేస్తారు" అని అడగడం కన్నా "పట్టీ కోశాక చెయ్యి మడిచి నరం జారుతోందేమో బల్ల మీదే చూస్తారా" అని అడగండి. ఔను అనే డాక్టరు పద్ధతిగా చేస్తున్నట్టే.

కండ బాగా కరిగినవాళ్ళలో, మోచేతి దగ్గర వదులు చేస్తూనే మణికట్టు దగ్గర వేరే నరం కొమ్మ ఒకటి తెచ్చి అల్నార్ నరానికి పక్కగా కలిపే పద్ధతి ఈమధ్య పెద్ద కేంద్రాల్లో చేస్తున్నారు. కండరాలకి తీగెలు దగ్గర నుంచే అందుతాయని ఆలోచన. ఇది అందరికీ కాదు, చేతి సర్జరీలో ప్రత్యేకంగా శిక్షణ ఉన్నవాళ్ళే చెయ్యాలి.

ఎంత ఆశించాలి

ఏ దశవాళ్ళకైనా ముందు పోయేది రాత్రి మంట, వచ్చి పోయే తిమ్మిరి. కొందరికి కొన్ని రోజుల్లోనే, ఎక్కువమందికి ఆరు వారాల లోపు. తర్వాత స్పర్శ, అది నెలల పని. చివర్లో బలం. కండ కరిగిన చోట పూర్తిగా నిండటం అరుదు. మొదటి దశలో చేయించుకున్నవాళ్ళు దాదాపు మామూలు చెయ్యి ఆశించవచ్చు. రెండో దశవాళ్ళకి బాధ పోతుంది, బలం చాలావరకు వస్తుంది. మూడో దశలో ఆపరేషన్ ఉద్దేశమే వేరు. ఇంకా ముదరకుండా ఆపడం, మంట తగ్గించడం, వచ్చినంత బలం తెచ్చుకోవడం. ఈ మాట బల్ల ఎక్కే ముందే డాక్టరు నోటి నుంచి వినాలి. ఆశ ఎక్కువ పెట్టుకుని చేయించుకున్నవాళ్ళే తర్వాత అసంతృప్తి పడతారు.

ఎందుకంత ఆలస్యం? తెగిన తీగె రోజుకి సుమారు ఒక మిల్లీమీటరు చొప్పున పెరుగుతుంది. మోచేతి నుంచి చేతి కండరాల దాకా పాతిక, ముప్పై సెంటీమీటర్ల దూరం. లాకు ఎత్తగానే శివారు చేలకి నీరు అందనట్టే ఇదీ. లెక్క కడితే ఎనిమిది నుంచి పది నెలలు. కండరం ఏడాది, ఏడాదిన్నర పాటు నరం లేకుండా ఎండిపోతే తర్వాత తీగె చేరినా పుంజుకోదు. ఆలస్యం చేసినవాళ్ళకి ఆపరేషన్ బాగా జరిగినా ఫలితం సగమే ఎందుకు ఉంటుందో ఈ లెక్కలోనే ఉంది.

వయసు, షుగరు, పొగ, పాత మోచేతి దెబ్బ, మెడలో కూడా నరం నొక్కుకుని ఉండటం, ఇవన్నీ ఫలితాన్ని తగ్గిస్తాయి. ఎప్పుడో మోచెయ్యి విరిగినవాళ్ళలో ఉన్నచోటే వదులు చేస్తే మళ్ళీ ఆపరేషన్ అవసరమయ్యే అవకాశం ఎక్కువ.

బల్ల ఎక్కే ముందు

చూసేది ఆర్థోపెడిక్, ప్లాస్టిక్ లేదా న్యూరో సర్జన్. కాకినాడ ప్రభుత్వ సామాన్య ఆసుపత్రిలో గానీ, అమలాపురం, రాజమహేంద్రవరం, ఏలూరుల్లోని వైద్య కళాశాలల ఆసుపత్రుల్లో గానీ అడగొచ్చు. ప్రభుత్వ ఆరోగ్య పథకం కింద వస్తుందో లేదో ఆసుపత్రి ముందరి డెస్కులో కూర్చునే ఆరోగ్యమిత్రని ముందే అడగండి. రేషను కార్డు, ఆధార్, నరాల పరీక్ష రిపోర్టు వెంట ఉంటే అనుమతి త్వరగా వస్తుంది.

షుగరు మూడు నెలల సగటు (హెచ్‌బీఏ1సీ పరీక్ష) 8 శాతం దాటితే చాలామంది సర్జన్లు ముందు తగ్గించుకు రమ్మంటారు. రక్తం పలచబడే మాత్రలు వాడుతుంటే చెప్పండి, మీ అంతట మీరు ఆపకండి. గుండెలో స్టెంటు ఉన్నవాళ్ళు ఆపితే ప్రాణం మీదికి వస్తుంది. పొగ నెల ముందే మానాలి. ముందురోజు గోళ్ళు కత్తిరించి, గోరింటాకు గానీ నెయిల్ పాలిష్ గానీ లేకుండా చూసుకోండి, వేలి రంగు చూసే మత్తు డాక్టరుకి అవి అడ్డం. ఉంగరం ఇంట్లోనే తీసేయండి. చెయ్యి వాచాక తీయడం కష్టం. అన్నం ఆపరేషన్‌కి 6 గంటల ముందు ఆపాలి, మంచినీళ్ళు 2 గంటల ముందు దాకా తాగొచ్చు, అక్కడివాళ్ళు వేరేగా చెబితే వాళ్ళ మాటే వినండి.

మత్తు ఎక్కువగా భుజం దగ్గర ఇచ్చే ఇంజెక్షనే, చెయ్యి మొత్తం మొద్దుబారుతుంది. వదులు చెయ్యడం ఒక్కటే అయితే గంట లోపే పని. కోత లోపలి బొడిపె ఎముకకీ మోచేతి కొనకీ మధ్య 6 నుంచి 10 సెంటీమీటర్లు. ఆ దారిలో చర్మానికి స్పర్శ తెచ్చే సన్నటి నరం కొమ్మలు అడ్డంగా పోతాయి. వాటిని కాపాడటమే ఈ ఆపరేషన్‌లో ఓపిక పరీక్షించే భాగం. అవి తెగితే మచ్చ వెనక చర్మం మొద్దుబారడమో, చీర కొంగు తగిలినా మండటమో మిగులుతుంది. మొత్తం నరం బాగుపడినా రోగి గుర్తుంచుకునేది ఆ మంటనే.

మొదటి ఆరు వారాలు

ఆ రోజంతా చెయ్యి దిండు మీద గుండె కన్నా ఎత్తులో ఉంచండి. మత్తు దిగేదాకా వేడి గ్లాసు, పొయ్యి దగ్గరికి ఆ చెయ్యి పోనివ్వకండి. వేళ్ళు మాత్రం ఆ సాయంత్రం నుంచే మూసి తెరుస్తూ ఉండాలి, గంటకి పదిసార్లు. మెడకి జోలె కట్టి రోజుల తరబడి మోచెయ్యి మడిచి వేలాడదీయకండి. ఏ నరాన్ని వదులు చేశారో దాన్నే మళ్ళీ సాగదీసినట్టవుతుంది, మోచెయ్యి బిగుసుకుపోతుంది కూడా. వదులు చెయ్యడం ఒక్కటే అయితే రెండు మూడు రోజుల్లోనే నొప్పి ఓర్చుకోగలిగినంత మేర మోచెయ్యి మడిచి చాచవచ్చు. కండరం కింద పాతితే రెండు మూడు వారాలు పట్టీలో ఉంటుంది, వాళ్ళు చెప్పేదాకా తీయకూడదు.

కుట్లు 10 నుంచి 14 రోజులకి తీస్తారు. అప్పటిదాకా తడి తగలకూడదు. కాలవ స్నానం, చెరువు గట్టు పని, రొయ్యల మేత చల్లడం, పట్టుబడికి నీళ్ళలో దిగడం, పేడ ఎత్తడం ఏవీ వద్దు. ఉప్పునీటి చెరువులో నీరు మానని కోతకి తగిలితే గంటల్లోనే ప్రమాదకరంగా ముదిరే సూక్ష్మజీవులు ఉండొచ్చు. స్నానానికి చెయ్యి మీద పాలిథిన్ కవరు కట్టి పైన రబ్బరు బ్యాండు వెయ్యండి. బిగించకండి. వేసవిలో చెమటకి కట్టు తడిస్తే మార్పించుకోండి.

పథ్యం సంగతి. "పప్పు తింటే చీము పడుతుంది, గుడ్డు వద్దు, చేప వద్దు" అని ఇంట్లో పెద్దవాళ్ళు ఆపుతారు. చీము పట్టేది సూక్ష్మజీవుల వల్ల, పప్పు వల్ల కాదు. కోత మానడానికి కావలసినవే పప్పు, గుడ్డు, చేప, పాలు. కారం నీళ్ళూ చారూ అన్నంతో పది రోజులు నెట్టుకొచ్చినవాళ్ళ కోత నెమ్మదిగా మానుతుంది.

కుట్లు తీసిన వారం తర్వాత కొబ్బరి నూనెతో మచ్చ మీద రోజుకి రెండుసార్లు ఐదు నిమిషాలు గుండ్రంగా రుద్దండి. మెత్తటి గుడ్డ, తర్వాత తువ్వాలు, తర్వాత కాస్త గరుకు గుడ్డతో రుద్దుతూ పోతే అతి స్పర్శ తగ్గుతుంది. తేలిక పని, రాయడం, వంటలో కూరగాయలు కోయడం లాంటివి రెండు మూడు వారాలకి. బైకు, హ్యాండిలూ బ్రేకూ రెండూ గట్టిగా పట్టుకోగలిగాకే. పార పట్టడం, బస్తా మొయ్యడం, కొబ్బరికాయ ఒలుపు ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత, నరాన్ని ముందుకి మార్చితే మూడు నెలలు. దింపుకి చెట్టెక్కేవాళ్ళు నెలల లెక్క చూసుకోకూడదు. ఫిజియోథెరపీలో పట్టు కొలిచే పరికరంతో రెండు చేతులూ కొలిపించుకుని, తేడా కొద్దిగానే ఉందని తేలాకే ఎక్కాలి.

స్పర్శ తిరిగి రాని నెలల్లో ఆ రెండు వేళ్ళని కళ్ళతో కాపాడుకోవాలి. అట్లపెనం, గంజి వార్చే గిన్నె చిటికెన వేలి వైపే కాలుస్తాయి, తెలియదు. గిన్నె పట్టకారుతో దించండి, రాత్రి పడుకునే ముందు ఒకసారి వేళ్ళు చూసుకోండి. వేళ్ళు వంగిపోతున్నవాళ్ళకి పిడికిలి కణుపులు వెనక్కి విరగకుండా ఆపే చిన్న పట్టీ ఫిజియో దగ్గర చేయించాలి. కీళ్ళు బిగుసుకుపోతే తర్వాత నరం వచ్చినా ఉపయోగం ఉండదు.

తేడా కొడితే

కోత ఎర్రబడి, వేడిగా, చీము కారుతూ, జ్వరం వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్ళాలి, ఊళ్ళో ఇంజెక్షన్‌తో సరిపెట్టుకోవద్దు. ఆపరేషన్ రాత్రి కట్టు కింద బిగుతు, భరించలేని నొప్పి పెరుగుతూ ఉంటే లోపల రక్తం గడ్డకట్టి ఉండొచ్చు, కట్టు విప్పి చూడాలి. చెయ్యి మొత్తం వాచి, రంగు మారి, ముట్టుకోనివ్వని మంట వారాల తరబడి ఉంటే తొందరగా ఫిజియోతో పాటు నొప్పి డాక్టరుని కలవాలి.

బాధ అసలు తగ్గనేలేదా, తగ్గి మళ్ళీ వచ్చిందా అన్నది వేరు చేసి చెప్పండి. అసలు తగ్గకపోతే ఎక్కడో ఒక పట్టీ మిగిలిపోయి ఉండొచ్చు, లేదా మొదటే జబ్బు మెడలోనో మణికట్టు దగ్గరో ఉండొచ్చు. కొన్నాళ్ళు బాగుండి తిరగబెడితే మచ్చ కణజాలం నరాన్ని పట్టేసి ఉంటుంది, లేదా నరం ఎముక మీద జారుతూ ఉంటుంది. ముందుకి మార్చినవాళ్ళలో పైన కండరాల మధ్య ఉండే గట్టి పొరని తీయకపోతే నరం దాని అంచు మీద మడత పడుతుంది. కొత్తగా మొదలైన మంట మచ్చ దగ్గరే, వేలితో తట్టితే జివ్వుమంటే తెగిన చర్మపు నరం గురించి ఆలోచించాలి. రెండో ఆపరేషన్ ఫలితం మొదటిదానంత బాగుండదు కాబట్టి, దానికి ఒప్పుకునే ముందు నరాల పరీక్ష మళ్ళీ చేయించి, మొదటిసారి కాగితాలతో ఇంకో డాక్టరుకి చూపించడం మంచిది.

ఏడాదిన్నర దాటినా చిటికెన వేలి వంకర తగ్గక, బొటనవేలితో తాళంచెవి తిప్పలేకపోతుంటే నరం మీద మళ్ళీ కోత పెట్టి లాభం లేదు. అప్పుడు బాగా పనిచేస్తున్న వేరే కండరం స్నాయువుని తెచ్చి ఆ పనికి తగిలించే ఆపరేషన్ ఉంది. కీళ్ళు మెత్తగా ఉన్నవాళ్ళకే అది కుదురుతుంది కాబట్టి, నరం కోసం ఎదురుచూస్తున్న నెలల్లో రోజూ ఆ రెండు వేళ్ళనీ ఇంకో చేత్తో పట్టి పూర్తిగా చాచి, పూర్తిగా మడుస్తూ ఉండాలి.